బలపరిచేవాళ్లు

పిండి పొంగింది. ఒటీలియా వాంగ్లర్ దాని మీద కప్పిన తడిగుడ్డ తీసి రెండు వేళ్లతో నొక్కి చూసింది. పడ్డ గుంట నిదానంగా పూడుకుంది. చాలు. పిండిని ఉండలుగా తుంచి, ఒక్కో ఉండనూ రేకు పళ్లెంలో వేసి, అరచేత్తో అంచులదాకా వొత్తసాగింది. నిలబడి చేసే పని అది. ఈమధ్య నిలబడితే కాళ్లకు నీరు దిగుతోంది. మేజోళ్ల అంచు పిక్కల్లోకి దిగబడి, సాయంత్రానికి తాడు కట్టి విప్పినట్టు గాడి మిగులుతోంది. అందుకని కుర్చీ దగ్గరికి లాక్కుని, దాని మీద ఒక మోకాలు ఆన్చి, కొంగలా నిలబడి వొత్తుతోంది.

మీగడా గుడ్లూ చక్కెరా గిలకొట్టిన మిశ్రమాన్ని పళ్లేల్లో పోసింది. ఉడకబెట్టిన ఎండు ఆల్‌బుఖారా పళ్లు పైన పేర్చి దాల్చినచెక్క పొడి చల్లింది. నెలకో మంగళవారం ఊరి బడిని నడిపే బోర్డు కూడుతుంది. కూడినప్పుడల్లా ఒటీలియా ఈ కూఖెన్ అనే తీపి రొట్టె చేసి తీసుకెళ్తుంది. ఎవరూ తెమ్మనలేదు. మొదటిసారి ఉత్తచేతులతో పోవడమేమిటని తీసుకెళ్లింది. తర్వాత అది ఆమె పనైపోయింది. ఆమె బతుకులో చాలా పనులు అలాగే ఆమెవయ్యాయి.

నాయ్‌డార్ఫ్ ఊరి బళ్లో పనిచేసినన్నాళ్లూ ఆమెది మూడో తరగతే. ప్రధానోపాధ్యాయురాలిగా ఉండమని ఒకసారి అడిగితే, ఇంకొకావిణ్ణి చూపించి "ఆవిడైతే బాగుంటుంది" అంది. తండ్రి మంచాన పడితే చూసుకుంది. ఆయన పోయాక అక్క మంచాన పడింది, అక్కనూ చూసుకుంది. రిటైరై ఇంట్లో కాళ్లు చాపుకున్న ఏడాదికి బోర్డు ఎన్నికలొచ్చాయి. ఒక స్థానానికి ఎవరూ నిలబడలేదు. జనమే ఓటు కాగితం మీద చేత్తో ఆమె పేరు రాసి నెగ్గించారు. ఆమె కాదనలేదు. కాదనడం ఆమెకు చేతనైన విద్య కాదు.

బోర్డులో ఆమె చేసేదల్లా ఒకటే. ఎవరో ఒకరు ఏదో ప్రతిపాదిస్తారు. "బలపరిచేవాళ్లు?" అని అధ్యక్షుడు తలెత్తేలోగానే ఒటీలియా "బలపరుస్తున్నాను" అంటుంది. తనకు నచ్చనివాటిని కూడా బలపరిచేది. ఓటు దగ్గరికొచ్చాక కాదని చెయ్యెత్తినా సరే, ముందు బలపరిచేది. బలపరచడమంటే ఒప్పుకున్నట్టు కాదు, మాట్లాడనిచ్చినట్టు అని ఆమె నమ్మకం. ఒక మనిషి నోరు తెరిచి నలుగురిలో ఓ మాట అన్నాక, దాన్ని అందుకునేవాళ్లు లేకుండా వదిలేయడం మర్యాద కాదు కదా.

ఇవాళ మొదటిసారి తనే ఒక ప్రతిపాదన పెట్టబోతోంది.

పళ్లేలు పొయ్యిలో పెట్టి తలుపు మూస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. టారిన్. ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, నీలం బట్టల మీద కోటు వేలాడుతోంది. కళ్ల చుట్టూ ఎర్రగా ఉంది.

"బూట్ల నిండా మంచుందండీ టీచరుగారూ."

"బూట్లతోనే రా. ఈ నేల నాకంటే ముసలిది, ఏమీ అనుకోదు."

టారిన్ వచ్చి బల్ల దగ్గర కూలబడింది. కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు తాగనేలేదు.

"నిన్న మా జోసీకి కనురెప్పలు అతుక్కుపోయాయంటండి. మలుపు కాడ నిలబడి ఏడ్చిందంట. కన్నీళ్లు గడ్డకట్టి కళ్లు తెరుచుకోలేదంట. బస్సు డ్రైవరు దిగి, చేతి తొడుగు తీసి, అరచెయ్యి ఆనించి కరిగించాడంట." టారిన్ కప్పు బల్ల మీద పెట్టింది. "సాయంత్రం డ్యూటీకి పోయే ముందు నేను ఏడుస్తుంటే అదేమందో తెలుసా? 'రేపు ఏడవకుండా నిలబడతాలే అమ్మా, అప్పుడు అతుక్కోవుగా' అంది."

క్రిస్మస్ సెలవుల తర్వాత బడి బస్సు పొలం బాటల్లోకి రావడం మానేసింది. డ్రైవర్లు దొరకడం లేదు. డీజిలు మండిపోతోంది. పిల్లలే పెద్దరోడ్డు మలుపుదాకా రావాలని బడి సూపరింటెండెంటు చెప్పాడు. మిగతా ఇళ్లవాళ్లు పిల్లల్ని తమ కార్లలో బడి దగ్గర దింపుతున్నారు. టారిన్ డ్యూటీ దిగేసరికి బస్సు వెళ్లిపోతుంది. ఒకటో తరగతి చదివే జోసీ తనంత తనే లేచి, తనే కోటు తొడుక్కుని, ట్రెయిలర్ ఇంటికి తాళం వేసి, చీకట్లో అరమైలు నడిచి, ఆ బయల్లో ఒక్కతే నిలబడుతోంది.

"డ్యూటీ మార్చమని మళ్లీ అడిగావా?"

"అడిగాను. చేస్తే చెయ్యి, మానేస్తే మానెయ్ అన్నారు."

"వాళ్ల నాన్న?"

"నూనె బావుల కాడ ఉన్నాడండి. ఉన్నాడనే అనుకుంటున్నాను." టారిన్ నవ్వబోయి మానేసింది. "ఇవాళ నెగ్గుద్దంటారా టీచరుగారూ?"

"చిన్న తరగతుల పిల్లలున్న ఇళ్లకి బస్సు గుమ్మందాకా రావాలని పెడతాను. నెగ్గుతుందో లేదో నేను చెప్పలేనమ్మా. కానీ ముందు ఎవరో ఒకరు బలపరుస్తారు. బలపరిస్తే మాట్లాడచ్చు. ఆ కనురెప్పల సంగతి చెప్తాను. అది విన్నాక ఎవరు కాదంటారు?"

"ఎవరు బలపరుస్తారు?"

"ఎవరైనా." ఒటీలియాకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "నేను అందరివీ బలపరిచాను కదా."

"ఎందుకైనా మంచిది, ఎవరికైనా ఫోన్ చేసి ఓ మాట అనుకోకూడదా?"

"కూడదు. బోర్డు సంగతులు బోర్డులోనే, జనం ముందే మాట్లాడుకోవాలి. చాటుగా కూడబలుక్కోవడం చట్టం ఒప్పుకోదు."

"వాళ్లు కూడబలుక్కోరా?"

"వాళ్ల సంగతి నాకెందుకు?"

టారిన్ లేచి కోటు గుండీలు పెట్టుకుంది. ఒటీలియా నిన్నటి రొట్టె రెండు ముక్కలు కాగితంలో చుట్టి ఆమె కోటు జేబులో కుక్కింది. మెట్ల మీద చెయ్యి ఊపుతూ నిలబడితే చలికి ఊపిరి అందలేదు. తలుపు మూసి, గోడకు ఆనుకుని, గుండె నెమ్మదించేదాకా పొయ్యి లోంచి వస్తున్న దాల్చినచెక్క వాసన పీలుస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం కాకముందే కొట్టుకెళ్లింది. ఇంట్లో మీగడ అయిపోయింది. పాల సీసాల దగ్గర లీరోయ్ షాట్స్ ఎదురయ్యాడు. ధాన్యం గోదాము మేనేజరు. బోర్డులో ఆమె పక్క కుర్చీ అతనిదే, ఆమెను టిల్లీ అని పిలుస్తాడు. అతని పెళ్లాం బతికున్నప్పుడు చర్చిలో ఒటీలియా పక్కన నిలబడి పాడేది.

"టిల్లీ! కూఖెన్ పొయ్యెక్కిందా? అది లేకపోతే మన అధ్యక్షుడు రాడ్నీ సభ మొదలెట్టడు సుమా."

"పొయ్యి దిగింది కూడా."

"ఏ పళ్లు?"

"ఆల్‌బుఖారా."

"దేవుడున్నాడు." అతను వెంటనే వెళ్లిపోలేదు. టోపీ తీసి, చెవుల మీద మళ్లీ సర్దుకున్నాడు. "టిల్లీ, సాయంత్రం ఆ బస్సు సంగతి ఉంది చూడు. పొద్దున కాఫీ కాడ నేనూ రాడ్నీ వాళ్లూ..."

"లీరోయ్!" ఒటీలియా చూపుడు వేలెత్తింది. మూడో తరగతిలో గోల చేసే పిల్లలకు ఎత్తినట్టే. "బయట మాట్లాడకూడదు."

"ఈ కౌంటీ మొత్తంలో ఆ చట్టం చదివినదానివి నువ్వొక్కదానివేనే."

"ఒక్కరైనా చదవాలిగా మరి."

లీరోయ్ ఒక పాల సీసా అందుకున్నాడు. బస్తా దింపుకున్న కూలివాడిలా అతని భుజాలు కిందికి జారాయి. ఒటీలియా అది చూసింది. సిగ్గుపడ్డాడనుకుంది.

కొట్టు నుంచి కారుదాకా నడిచేసరికి ఎడమ చెయ్యి మోచేతి వరకూ బరువెక్కింది. డాక్టరు ఇచ్చిన చిన్న మాత్ర నాలుక కింద పెట్టుకుని, కారు అద్దాల మీద తన ఊపిరే మంచుపూలుగా పూయడం చూస్తూ కూర్చుంది. ఇంటికెళ్లి, కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంది. పడుకునే వల్లె వేసింది. "చిన్న తరగతుల పిల్లలున్న ఇళ్లకు బస్సు గుమ్మందాకా వెళ్లాలని నేను ప్రతిపాదిస్తున్నాను." ఒకసారి గొంతు మరీ పీలగా వచ్చింది. ఇంకోసారి పిల్లలకు పాఠం చెప్పినట్టుంది. "నేను" అనే చోట ప్రతిసారీ తడబడింది.

బోర్డు బడి గ్రంథాలయంలో కూడుతుంది. పొట్టి బల్లలు రెండు కలిపి వేస్తారు. అయిదుగురు సభ్యులూ మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంటారు. అధ్యక్షుడు రాడ్నీ గెఫ్రో రైతు. టోపీ ఉండే చోట నుదురు పాలలా తెల్లగా, కిందంతా ఇటుకలా ఎర్రగా ఉంటుంది. ఒటీలియా దగ్గరే చదవడం నేర్చుకున్నాడు. బ్యాంకులో పనిచేసే కాండస్, పశువుల వ్యాపారి గ్లెన్, లీరోయ్. బల్ల మూలన మార్లిస్, సభలో జరిగింది రాసుకునే ఆవిడ. సూపరింటెండెంటు హాగెన్ మనిషి చెడ్డవాడు కాదు. డ్రైవరు రాని రోజున తనే బస్సు తోలతాడు. ఆ రోజూ తోలినట్టున్నాడు, కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు.

కూఖెన్ ముక్కలు కాగితప్పళ్లేల్లో చేతులు మారాయి. జనం కుర్చీల్లో ఎవరూ లేరు. టారిన్ అప్పటికే డ్యూటీలో ఉండి ఉంటుంది.

"బ్రహ్మాండంగా ఉంది టీచరుగారూ," అన్నాడు రాడ్నీ ఆమె వైపు చూడకుండా. "సరే, బస్సుల విషయం. ఎవరైనా ఏమైనా..."

ఒటీలియా బల్ల మీద చేతులు పరిచింది. తడబడకుండా చెప్పింది. చెప్పేశాక చెవుల్లోకి వేడి ఎక్కింది. పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్లలా తల దించుకుంది.

"ప్రతిపాదన వచ్చింది," అన్నాడు రాడ్నీ. "బలపరిచేవాళ్లు?"

కాండస్ ఫోర్కుతో పళ్లెంలో మీగడ గీరుతోంది. గ్లెన్ కిటికీలోంచి ఏమీ కనిపించని చీకట్లోకి చూస్తున్నాడు. మార్లిస్ కలం కాగితం మీద ఆగి ఉంది.

"బలపరిచేవాళ్లు?"

ఒటీలియా తలెత్తింది. తొందరపడలేదు. జవాబు తెలిసి కూడా చెయ్యెత్తని పిల్లల్ని ఆమె ఎరుగును. కాసేపు ఊరుకుంటే ఎవరో ఒకరు ఆ నిశ్శబ్దం భరించలేక చెయ్యెత్తుతారు. పక్కకు తిరిగి లీరోయ్‌ని చూసింది. అతను బొటనవేలి గోరును మరీ దగ్గరగా పెట్టుకుని చూసుకుంటున్నాడు. ఆ గోరులో చూడాల్సింది ఏమీ లేదు.

"బలపరిచేవాళ్లు లేనందువల్ల ప్రతిపాదన వీగిపోయింది," అన్నాడు రాడ్నీ. ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్క ఊపిరిలో అన్నాడు.

"రాడ్నీ, నేనొక్క మాట చెప్పాలి. ఆ పిల్లకి కళ్లు..."

"వీల్లేదు కదా టీచరుగారూ." అతని మెడ కూడా ఎర్రబడింది. "మీకు తెలియని రూలా? ఇప్పుడు ప్రతిపాదనే లేదు. దేని మీద మాట్లాడతారు?"

రూలు అదే. ఒటీలియా బల్ల మీద పరిచిన చేతులు ఒళ్లోకి తీసుకుంది.

తర్వాతది జిమ్‌లో కొత్త స్కోరుబోర్డు. గ్లెన్ ప్రతిపాదించాడు. "బలపరిచేవాళ్లు?" అన్నాడు రాడ్నీ. అప్పుడు "బలపరుస్తున్నాను" అని ఒక గొంతు వినబడింది. అలవాటైన గొంతే. అందరూ తన వైపు చూశాకగానీ అది తన గొంతేనని ఒటీలియాకు తెలియలేదు.

సభ అయ్యాక లీరోయ్ ఖాళీ పళ్లేలు పట్టుకుని ఆమె కారుదాకా వచ్చాడు. పళ్లేలు వెనక సీట్లో పెట్టి తలుపు వెయ్యకుండా నిలబడ్డాడు.

"కోపమొచ్చిందా టిల్లీ?"

"తలుపు వెయ్యి, చలి."

"విను. హాగెన్ దగ్గర డ్రైవర్లు లేరు. ఎట్లాగూ నెగ్గేది కాదు. నీకెదురుగా చెయ్యెత్తి కాదనడానికి ఎవరికీ మనసొప్పలేదు. మా అందరి పిల్లలకీ చదువు చెప్పినదానివి నువ్వు. అందుకని కాఫీ కాడ అనుకున్నాం. ఎవరమూ బలపరచకపోతే ఓటే ఉండదు. ఎవరూ కాదనక్కర్లేదు. నీ మంచికే అనుకున్నామే."

"నా మంచికే," అంది ఒటీలియా.

"పొద్దున చెబుదామనే వచ్చాను. నువ్వు చెప్పనివ్వలేదు."

అది నిజమే. ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఆలోచించింది.

"కాదని ఉంటే బాగుండేది లీరోయ్. కాదనాలంటే ముందు వినాలి కదా."

తెల్లవారకముందే లేచింది. ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా పెట్టి ఉంచిన కరెంటు తీగ పీకి, కారు తీసింది. బస్సును గుమ్మందాకా తేలేకపోయింది. కారును మలుపుదాకా తీసుకెళ్లి, బస్సొచ్చేదాకా పిల్లను అందులో కూర్చోబెట్టగలదు కదా. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు. అడగాలి, ప్రతిపాదించాలి, బలపరచాలి అనుకుంటూ కూర్చుంది. రోడ్డు మీద నేలబారు గాలికి మంచుపొడి పాముల్లా పాకుతోంది. దీపాల వెలుగులో మలుపు కాడ ఎర్రకోటు కనబడింది. గాలికి వీపు పెట్టి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఉంది.

"ఎక్కమ్మా."

"అమ్మ ఎవరి కారూ ఎక్కొద్దంది," అంది జోసీ.

"మంచిమాట చెప్పింది. మీ అమ్మనే అడుగుదాం."

ఫోన్‌లో టారిన్ గొంతు గట్టిగా వినబడింది. "ఎక్కవే, ఎక్కు! టీచరుగారేనే. ఎక్కి బెల్టు పెట్టుకో." తర్వాత ఏడుపు. "మీకు పుణ్యముంటుందండీ. నేను రాత్రంతా గడియారమే చూస్తాను. దీనికి మెలకువ వచ్చిందో లేదో, టోపీ పెట్టుకుందో లేదో. ముసలాళ్ల పక్కలు మారుస్తుంటాను గానీ చేతులు మాత్రమే ఇక్కడుంటాయండీ." ఒటీలియా ఏదో చెప్పబోయింది. ఊపిరి సరిపోలేదు. "ఊఁ, ఊఁ" అని పెట్టేసింది.

పిల్ల వెనక సీట్లో కూర్చుంది. వెచ్చదనానికి కనురెప్పల మీది మంచు కరిగి చెంపల మీదికి జారింది.

"ఏడుస్తున్నావా?"

"లేదండీ. కారుతోంది."

అద్దంలోంచి ఒటీలియా నవ్వింది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది, అది తనది కానట్టుంది.

"రేపు కూడా వస్తారా?"

"వస్తాను."

"ఎల్లుండి?"

"బస్సు మీ గుమ్మందాకా వచ్చేవరకు వస్తాను." వచ్చే నెల మళ్లీ పెడుతుంది. ఆపై నెల కూడా పెడుతుంది. వాళ్లు ఎన్నిసార్లు గోళ్లు చూసుకుంటారో తనూ చూస్తుంది. ఈ ఆలోచన ఆమెకే కొత్తగా ఉంది. కొత్త చెప్పులేసుకున్నట్టు అందులో రెండడుగులు వేసి చూసుకుంది.

"మా తరగతిలో చిట్టెలుక ఉందండీ. దాని పేరు జనరల్. అది రాత్రంతా చక్రం తిప్పుద్దంట, పగలు నిద్రపోద్ది. మా అమ్మలాగా," అంది జోసీ. ఎలుకకు ఏం పెడతారో చెప్పింది. అది ఒకసారి టీచరు చొక్కా చేతిలోకి దూరిన సంగతి కూడా చెప్పింది. ముందు సీట్లోంచి "ఊఁ" అని వినబడుతూ వచ్చింది, తర్వాత వినబడలేదు. దూరాన బస్సు దీపాలు కనబడ్డాయి.

"టీచరుగారూ, బస్సొచ్చింది."

ముసలావిడ గడ్డం మఫ్లర్‌లో దూరి ఉంది. పగటిపూట నిద్రపోయే పెద్దవాళ్లతో ఎలా మెలగాలో జోసీకి తెలుసు. బెల్టు చప్పుడు కాకుండా విప్పుకుంది. కిందికి దిగి, తలుపును రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా, చిన్న క్లిక్కుమనేదాకా నొక్కింది. బస్సు డ్రైవరు ఆ ప్రాంతంలో అందరూ ఎదుటి బండికి చేసినట్టే స్టీరింగు మీద నుంచి రెండు వేళ్లెత్తి కారును పలకరించాడు. అటు నుంచి వేళ్లు లేవలేదు. అద్దం మీద మంచు ఉందనుకుని సాగిపోయాడు.

మంచు తోసే బండి నడిపేవాడు పొద్దెక్కాక చూశాడు. ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది.

చర్చి కింది గది చిన్నది. అంత్యక్రియల భోజనానికి బడి జిమ్ కావాల్సి వచ్చింది. దానికి బోర్డు అనుమతి ఉండాలి కనుక శుక్రవారం సాయంత్రం ప్రత్యేకంగా కూడారు. ఆ రోజు ఎవరూ ఏమీ తేలేదు. అద్దె లేకుండా జిమ్ ఇవ్వాలని రాడ్నీయే ప్రతిపాదించాడు. బలపరిచేవాళ్లు ఎవరని అడగకముందే ముగ్గురూ ఒక్కసారి "బలపరుస్తున్నాను" అన్నారు. గొంతులు గోడకు తగిలి తిరిగొచ్చినంత గట్టిగా అన్నారు.

మార్లిస్ కలమెత్తింది. "ఎవరి పేరు రాయను?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముగ్గురివీ రాయి," అన్నాడు లీరోయ్ చివరికి.

"ఒక్కరిదే రాయాలి."

"అయితే నీ ఇష్టం. ఎవరిదో ఒకరిది." అతను లేచి కోటు తొడుక్కున్నాడు. ఆ సభలో చర్చించాల్సింది అదొక్కటే. బస్సుల సంగతి అందులో లేదు.

కారు మలుపు కాడే ఉంది. ఫార్గో పట్నం నుంచి ఆమె మేనల్లుడు వచ్చి తీసుకెళ్లేదాకా ఉండనిద్దామని షెరీఫ్ దాన్ని రోడ్డు పక్కకు తోయించి, తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో పెట్టుకున్నాడు. గాలి వాయవ్యం నుంచి కొడుతోంది. ఆ వైపు కారు అద్దాల దాకా మంచు పేరుకుపోయింది. రెండో వైపు, గాలి తగలని చోట, వెనక చక్రం పక్కన, రోజూ పొద్దున ఎవరో నిలబడ్డట్టు, రెండు చిన్న బూట్ల మేర మంచు గట్టిపడి నున్నగా అణిగి ఉంది.